అధ్యాపకులకు ఇచ్చే శిక్షణ కళాశాల గడప లోపలికి రావాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ కళాశాలల్లో చదువు స్థాయి గురించి మాట వచ్చినప్పుడల్లా ఖాళీ పోస్టులు, గదుల కొరత, విద్యార్థుల హాజరు దగ్గరే చర్చ ఆగిపోతోంది. అవి నిజమైన సమస్యలే, కాదనను. అయితే ఉన్న అధ్యాపకులకూ, వారితోపాటు ప్రయోగశాలలోనూ గ్రంథాలయంలోనూ కార్యాలయంలోనూ పనిచేసే సిబ్బందికీ, పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో, ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో గమనించే శిక్షణ ఏమాత్రం అందుతోందన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినిపించడం లేదు. రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిగా ఆ విషయం మీదే ఈ లేఖ రాస్తున్నాను.

అసలు శిక్షణే లేదని నా ఫిర్యాదు కాదు. 1986 జాతీయ విద్యా విధానం తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దేశంలోని అనేక విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల శిక్షణకు అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పింది. మనకు దగ్గరలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఒకటి వచ్చింది. తరువాత అవి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి, 2023 నుంచి మాలవీయ మిషన్ పేరుతో నడుస్తున్నాయి. 2018లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం మీద ఆన్‌లైన్ రిఫ్రెషర్ కోర్సులూ మొదలయ్యాయి. పేర్లు మారినా పద్ధతి పెద్దగా మారలేదు. అధ్యాపకుడు కళాశాల విడిచి వెళ్లి, లేదా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, తన శాస్త్రంలో కొత్తగా వచ్చిన విషయాలు విని, సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. పదోన్నతికి ఆ కోర్సులు కావాలి కనుక సర్టిఫికెట్ సర్వీసు ఫైలులో చేరుతుంది, కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు పట్టికలో ఒక అంకె అవుతుంది. ఆ కోర్సు తరువాత మీ విద్యార్థి ఏం నేర్చుకున్నాడని అడిగే గడి మాత్రం నేను నింపిన ఫారాల్లో కనిపించలేదు. (వక్త గొంతు స్పష్టంగా వినిపించిందా అనే గడి మాత్రం తప్పకుండా ఉండేది.)

నేను చెప్పదలచుకున్నది ప్రయోగశాలలో అయితే బాగా కనిపిస్తుంది. సోడియం కార్బొనేట్ ద్రావణాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేసే, అంటే ఎంత ఆమ్లం పోస్తే చర్య పూర్తవుతుందో కొలిచే ప్రయోగం మొదటి ఏడాది పిల్లలు చేస్తారు. కొలత గీతలున్న పొడవాటి గాజు గొట్టం బ్యూరెట్‌ను నీళ్లతో కడిగిన తరువాత, అందులో పోయబోయే ఆమ్లంతో మరోసారి రిన్స్ చేయాలి. కార్బొనేట్ ద్రావణం తీసుకునే కోనికల్ ఫ్లాస్క్‌ను మాత్రం నీళ్లతో కడిగి వదిలేయాలి. ఈ రెండు వాక్యాలూ ప్రతి రికార్డులోనూ ఉంటాయి. ఎందుకని అడిగితే చెప్పగలిగేవారు తక్కువ. బ్యూరెట్‌లో మిగిలిన నీటి చుక్కలు ఆమ్లాన్ని పలచన చేస్తాయి. ఫ్లాస్క్‌లో ఉన్న నీరు పిపెట్‌తో కొలిచి పోసిన ద్రావణంలోని కార్బొనేట్ మొత్తాన్ని ఏమీ మార్చదు. గాఢత వేరు, పదార్థం మొత్తం వేరు అన్న ఈ తేడా తెలియకపోతే ఘనపరిమాణ విశ్లేషణ అంతా కంఠస్థమే. అది తెలియని విద్యార్థి రెండింటినీ ఒకే తీరుగా, ఫ్లాస్క్‌ను కూడా కార్బొనేట్ ద్రావణంతో రిన్స్ చేస్తాడు, రీడింగ్ పెరుగుతుంది, పక్కవాడి రీడింగ్ చూసి తనది దిద్దుకుంటాడు, రికార్డు శుభ్రంగా ఉంటుంది, మార్కులు పడతాయి. అధ్యాపకుడు ఆ సమయంలో బల్ల దగ్గర రికార్డుల మీద సంతకాలు చేస్తూ ఉంటాడు. ఇదంతా చూసేది సింక్ పక్కన నిలబడి ఉండే ల్యాబ్ అటెండరు ఒక్కరే. ఏ పిల్ల ఏ గాజు సామాను ఎలా కడిగిందో, ఎవరు మూడో రీడింగ్ తీయకుండానే రాసేశారో ఆయనకు తెలుసు. ఆయన్ను ఏ శిక్షణకైనా పిలవడం నా సర్వీసులో నేను చూడలేదు.

గ్రంథాలయం సంగతీ ఇంతే. ఏ పుస్తకం అడిగి, నాలుగు పుటలు తిప్పి, తిరిగి ఇచ్చేస్తున్నారో గ్రంథపాలకురాలికి తెలిసినంతగా ఆ సబ్జెక్టు చెప్పేవారికి తెలియదు.

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ మొదటి సంవత్సరం ప్రవేశాలన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. ఇంటర్మీడియట్ వరకు తెలుగులో చదివిన పిల్లలు, సీతంపేట వైపు నుంచి వచ్చే సవర విద్యార్థులు, ఇచ్ఛాపురం ప్రాంతంలో ఇంట్లో ఒడియా మాట్లాడేవారు అందరూ ఒకే తరగతిలో కూర్చుంటున్నారు. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్న వాదనలోకి నేను వెళ్లను. మాధ్యమం మార్చినప్పుడు ఆ పిల్లలకు ఎలా చెప్పాలో చెప్పేవారికి నేర్పవలసిన బాధ్యత కూడా ఉంటుంది కదా, అది ఎంతవరకు నెరవేరిందన్నదే నా ప్రశ్న. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర భాష నేర్చుకోవాలని తెలుసుకుని, నేర్చుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన చిత్రపటానికి దండ వేసే కళాశాలల్లో ఆ పని గురించి కూడా ఒక గంట మాట్లాడుకుంటే బాగుంటుంది.

ఇక చేయవలసింది. నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ప్రతి విభాగంలోనూ మిడ్ పరీక్ష జవాబు పత్రాలు కొన్ని పేర్లు కనబడకుండా తీసి, ఎక్కువమంది తప్పిన ఒకే ఒక్క ప్రశ్నను ఎదురుగా పెట్టుకుని కూర్చోవాలి. వారి ఆలోచన ఎక్కడ పక్కదారి పట్టింది, మనం చెప్పిన తీరులో అందుకు కారణం ఉందా అని చూడాలి. ల్యాబ్ అటెండరూ గ్రంథపాలకులూ అక్కడ ఉండాలి, టీ అందించడానికి కాదు, మాట్లాడడానికి. వచ్చే నెల అదే ప్రశ్నను కొంచెం మార్చి మళ్లీ అడిగితే శిక్షణ ఫలించిందో లేదో వేరే నివేదిక అక్కరలేకుండానే తెలిసిపోతుంది. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కరే అధ్యాపకులుండే కళాశాలలు మన జిల్లాల్లో ఉన్నాయి కనుక, టెక్కలి, పాతపట్నం, చీపురుపల్లి వంటి చోట్ల చుట్టుపక్కల కళాశాలలవారు కలిసి కూర్చునే ఏర్పాటు కావాలి. శ్రీకాకుళం జిల్లా వరకు ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం దీనికి ముందు నిలవవచ్చు.

తీరిక ఎక్కడుందని అడిగేవారికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ప్రవేశాలు, ఉపకార వేతనాల ధ్రువీకరణ, ఇంటర్న్‌షిప్‌ల అప్‌లోడ్‌లు అధ్యాపకుల సమయాన్ని నిజంగానే మింగేస్తున్నాయి. అందుకే ఈ కూర్చోవడాన్ని పని గంటల్లోనే, టైంటేబుల్‌లోనే చూపాలి. అదనపు సేవగా అడిగితే రెండు నెలల్లో మూలపడుతుంది.

ఇందులో ముందుగా తేలవలసింది అతిథి అధ్యాపకుల సంగతి. చాలాచోట్ల మొదటి ఏడాది తరగతులు వారి చేతిలోనే ఉన్నాయి. గంటల లెక్కన పారితోషికం తీసుకునేవారు శిక్షణలో కూర్చున్న గంటకు డబ్బు రాదంటే ఎందుకు కూర్చుంటారు? ఆ గంటలను కూడా బోధన గంటలుగా లెక్కగట్టి చెల్లించేలా, ల్యాబ్ అటెండర్ల హాజరును ఆన్ డ్యూటీగా నమోదు చేసేలా కళాశాల విద్యా శాఖ వచ్చే విద్యాసంవత్సరం తరగతులు మొదలయ్యే లోపే ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
విజయనగరం.