మొజెల్ లోయ గ్రావెల్ రైడ్: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

జర్మనీలో మొజెల్ నది వెంట కోకెమ్ నుంచి ట్రాబెన్-ట్రార్బాఖ్ దాకా అనుకున్న గ్రావెల్ రైడ్‌ను (కంకర, మట్టి దారుల మీద సైకిల్ యాత్రను) మన బృందంలో అందరూ క్షేమంగా పూర్తిచేశారు. ముందుగా సలహా ఇచ్చినవాళ్లూ, దారిలో తమ పని ఆపుకుని మాకు చేయందించినవాళ్లూ లేకపోతే ఇది జరిగేది కాదు. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు, అందుకని రాయడం లేదు. ఎవరి వల్ల ఏ మేలు జరిగిందో మాత్రం కొలతలతో సహా రాస్తున్నాం. అటు వెళ్లాలనుకునే మన తెలుగువాళ్లకు అక్కరకొస్తుంది.

మొట్టమొదట ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్న అన్నా, మీకు నమస్కారం. టైర్ల విషయంలో మీరు పట్టుబట్టకపోయి ఉంటే సగం మంది మొదటి ఎత్తు దగ్గరే ఆగిపోయేవాళ్లు. మొజెల్ ద్రాక్షతోటల నేలంతా పలకరాయి, దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటిది. మన మార్కాపురం పలకలు గుర్తు చేసుకుంటే రాయి ఎలా చీలుతుందో అర్థమవుతుంది. పగలు వేడి పట్టి ఉంచుతుందని రైతులు ఆ ముక్కల్ని సాళ్లలోనే వదిలేస్తారు. వాన పడితే అవి జారి దారి మీదికొస్తాయి. వాటి అంచు కత్తి అంచే. నేలకు తగిలే భాగంలో రబ్బరు మందం కాబట్టి అక్కడ పెద్దగా ఏమీ కాదు, చీలేది పక్క గోడ. అందుకే గట్టి బొడిపెలున్న టైరు కోసం వెతక్కండి, ఆ పక్క గోడకు అదనపు పొర ఉన్నది చూడండి అన్నారు మీరు. వెడల్పు 45 మిల్లీమీటర్లు, ట్యూబ్‌లెస్, ఒక్కో టైరులో 80 మిల్లీలీటర్ల సీలెంట్, అంటే రంధ్రాలు పూడ్చే ద్రవం. 70 కిలోల మనిషికి గాలి ఒత్తిడి ముందు 2.0 బార్, వెనక 2.2 బార్, అంటే 29, 32 పీఎస్‌ఐ. గాలి ఎక్కువైతే చక్రం రాయి అంచు మీద నిలవక పక్కకు జారుతుంది. తక్కువైతే టైరు నలిగి పక్క గోడ బయటికి ఉబ్బుతుంది, రాయి సరిగ్గా అక్కడే తగులుతుంది. ఎండాకాలంలో సీలెంట్ రెండు మూడు నెలల్లోనే ఎండిపోతుందని మీరు ముందే హెచ్చరించారు. విప్పి చూస్తే రెండు టైర్లలో తడే లేదు.

ఇంత జాగ్రత్త పడినా బ్రెమ్ దాటాక ఒక సైకిల్ వెనక టైరు పక్క గోడ చీలింది. తోటలో పని చేసుకుంటున్న రైతు దంపతులు మేం అడగకుండానే దిగివచ్చారు. వాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. అక్కడ చేసిన పని వరసగా రాస్తాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే తడబడతారు.

చీలిక దాదాపు 12 మిల్లీమీటర్లు. సీలెంట్ ఐదారు మిల్లీమీటర్ల రంధ్రం దాకా పూడుస్తుంది. అంతకు మించితే జిగురు దారం లాంటి ప్లగ్ గుచ్చాలి. కానీ పక్క గోడ చక్రం తిరిగిన ప్రతిసారీ వంగుతూ ఉంటుంది కాబట్టి ప్లగ్ అక్కడ నిలవదు. దానితో సీసాడు సీలెంట్ పోగొట్టుకోకుండా నేరుగా ట్యూబు వేసుకోవడమే మేలు. ముందు ట్యూబ్‌లెస్ వాల్వ్ తీయాలి. దాని నట్టు సీలెంట్ పట్టి బిగుసుకుపోతుంది, వేళ్లతో రాదు. ఆ రైతు జేబులో తీగె కత్తిరించే పటకారు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే సాయంత్రమయ్యేది. చిన్న పటకారు తప్పకుండా పెట్టుకోండి. తర్వాత టైరు లోపలంతా గుడ్డతో మెల్లగా తడమాలి. ఇదివరకు సీలెంట్ పూడ్చేసిన ముళ్లు లోపలే ఉంటాయి, ట్యూబుకు గుచ్చుకునేవి అవే. తోట గట్ల మీద ముళ్లపొదలు కత్తిరించే కాలంలో నాలుగైదు ముళ్లు దొరకడం వింతేమీ కాదు.

చీలికకు లోపలి నుంచి అతుకు పెట్టకుండా ట్యూబు వేస్తే ఆ సందులోంచి ట్యూబు బుడగలా బయటికొచ్చి పేలుతుంది. రైతు భార్య కొట్టంలోంచి పాత రోడ్డు సైకిల్ టైరు తెచ్చి ఆరు సెంటీమీటర్ల ముక్క కోసిచ్చింది. అంచుల్ని చాకుతో ఏటవాలుగా చెక్కింది, లేకపోతే ఆ అంచే ట్యూబును కోస్తుంది. ముక్క పెట్టాక ముందు అర బార్ గాలి మాత్రమే కొట్టి, అతుకు కదిలిందా, టైరు అంచు రిమ్ములో చుట్టూ సమానంగా కూర్చుందా చూసి, ఆ తర్వాత 2.2 బార్‌కు పెంచాం. ఆ అతుకు చివరిదాకా నిలిచింది. ఇంకో మాట. సీలెంట్ ఉన్న టైరులో గ్యాస్ గుళికతో గాలి నింపొద్దు. ఆ చల్లటి కార్బన్ డయాక్సైడ్ తగిలితే చాలా రకాల సీలెంట్ గడ్డకడుతుంది. చేతి పంపే దిక్కు.

ఆ దంపతుల తోటలో ఒక్కో తీగకు ఒక్కో కర్ర. రెండు కొమ్మల్ని వంచి హృదయాకారంలో ఆ కర్రకే కట్టారు. హైదరాబాద్ చుట్టుపక్కల పందిరి మీద పాకే అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష చూసిన కళ్లకు ఇది కొత్త. వాలు అంత నిటారుగా ఉంటే పందిరి వేయడం కుదరదు. బ్రెమ్ పక్కనే ఉన్న కాల్మాంట్ యూరప్‌లోకెల్లా నిటారైన ద్రాక్షతోటగా పేరు పొందింది, వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ కొండ నడుమ ఇనుప నిచ్చెనలతో సాగే బాట నడిచేవాళ్లది, సైకిల్ తీసుకెళ్లకండి. తోటల్ని నిలబెట్టే గోడలు సున్నం, సిమెంటు లేకుండా పేర్చినవి. వాటికి సైకిల్ ఆనించొద్దని ఆమె చెప్పింది. ఒక్క రాయి కదిలితే పై వరస జారుతుంది, పైగా బల్లులకూ, ఆ లోయకే ప్రత్యేకమైన అపొలో ఉపజాతి సీతాకోకచిలుకలకూ అదే చోటు. తోటల్లో ఏటవాలుగా పాకే ఒంటి ఇనుప పట్టా కనిపిస్తే ఆగి చూసి దాటండి. పనివాళ్లను, గంపల్ని పైకి చేర్చే చిన్న బండి దాని మీదే నడుస్తుంది. వేసవి ఉదయాల్లో హెలికాప్టర్లతో బూజు మందు చల్లుతారు, దారికి అడ్డం పెడితే నది పక్క దారికి దిగిపోవడమే.

ఇక గేర్ల విషయం క్లుప్తంగా. తోటల్లోంచి పైకెళ్లే సిమెంటు దారులు 15 శాతం వాలుంటాయి, కొన్నిచోట్ల 20 దాటుతాయి. ముందు 30 పళ్లు, వెనక 34 ఉంటే, నిమిషానికి 60 తొక్కుళ్లతో గంటకు 7 కిలోమీటర్ల వేగం వస్తుంది. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలైతే 15 శాతం మీద దానికి 240 వాట్లకు పైనే కావాలి. అది అందరివల్లా కాదు. క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) మార్చుకొమ్మని లెక్క వేసి మరీ చూపించిన తమ్ముడికి మా మోకాళ్ల తరఫున ప్రత్యేక ధన్యవాదాలు.

బ్రేకుల విషయంలో మమ్మల్ని కాపాడింది లోయలోని ఒక ఊరి మెకానిక్. దుకాణం మూసే వేళ దాటినా తలుపు తీశాడు. పై నుంచి నది దాకా దాదాపు 300 మీటర్ల దిగుడు. 85 కిలోల బరువు అంత దిగితే 250 కిలోజౌళ్ల శక్తి, అందులో ఎక్కువ భాగం బ్రేకుల్లోనే వేడిగా మారాలి. లీవరు అదేపనిగా పట్టుకుని దిగితే రెజిన్‌తో చేసిన బ్రేకు ప్యాడ్ల ముఖం గాజులా నున్నబడుతుంది. అప్పుడు లీవరు గట్టిగానే ఉంటుంది, కీచుమని అరుస్తుంది, సైకిల్ మాత్రం ఆగదు. గట్టిగా పట్టి వేగం తగ్గించి పూర్తిగా వదలండి, మళ్లీ పట్టండి, రోటరుకు (ప్యాడ్లు పట్టే లోహపు బిళ్లకు) చల్లారే వ్యవధి దొరుకుతుంది అన్నాడాయన. తడిసిన పలకరాయి పొడి బురదలా అంటుకుని ప్యాడ్లను ఒరుసుకుంటూ తినేస్తుంది, కాబట్టి వానలో మెటల్ ప్యాడ్లు నయం. కానీ రోటరు మీద రెజిన్ ప్యాడ్లకు మాత్రమే అని చెక్కి ఉంటే అవి వేయకూడదు. ప్యాడ్ పదార్థం అర మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చాల్సిందే. పాతవి తీయకముందే వాటి మధ్య ప్లాస్టిక్ టైర్ లీవరు పెట్టి ప్యాడ్లను నొక్కే పిస్టన్లను వెనక్కి నెట్టాడు. ప్యాడ్లు తీసేశాక నెడితే పిస్టన్ పగిలే ప్రమాదముంది. కొత్తవి వేశాక చదును మీద 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి ఇరవై సార్లు తగ్గించమన్నాడు. అది చేయకుండా కొండ దిగొద్దని మరీ మరీ చెప్పాడు.

ఒక సైకిల్ పడిపోయినప్పుడు వెనక హ్యాంగర్, అంటే గేర్లు మార్చే డిరైల్లరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, వంగిందని కనిపెట్టింది కూడా ఆయనే. వెనక నిలబడి చూస్తే డిరైల్లరులోని రెండు చిన్న చక్రాలు, వాటి పైనున్న పళ్లచక్రం ఒకే గీతలో కనబడాలి. వంకరగా ఉంటే అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రానికి మార్చకండి, డిరైల్లరు చక్రం పుల్లల్లో ఇరుక్కుంటుంది. అల్యూమినియం హ్యాంగర్‌ను ఒకసారి సరిచేయొచ్చు, మళ్లీ మళ్లీ వంచితే విరుగుతుంది. ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం ఉంటుంది కాబట్టి మీ సైకిల్‌ది కొని సంచిలో వేసుకోండి. అగ్గిపెట్టెంత కూడా ఉండదు.

అల్ఫ్ దగ్గర 1878లో కట్టిన రెండంతస్తుల వంతెన దాటి బుల్లాయ్‌కి వస్తాం. పైన రైలు, కింద మనం. అక్కణ్నుంచి నది కుడి ఒడ్డునే జెల్ చేరి, అడవిలోకి ఎక్కితే పద్ధతి మారుతుంది. అక్కడ కలిసిన అటవీ సిబ్బందికి వందనం. 2018 కరవు తర్వాత బెరడు పురుగు పట్టి స్ప్రూస్ చెట్లు పెద్దఎత్తున ఎండిపోయాయి, నరికివేత ఇంకా సాగుతోంది. మేం ఎంచుకున్న దారికి ఎర్ర-తెల్ల పట్టీ అడ్డం కట్టి ఉంది. పని ఆగిన ఆదివారమైనా అది దాటకూడదు, సగం నరికిన చెట్టు ఎప్పుడు ఒరుగుతుందో తెలియదు. వాళ్లు పటం తెరిచి స్టార్కెన్‌బర్గ్ మీదుగా దిగే దారి చూపించారు. ఈ రాష్ట్రంలో అడవి దారుల మీద సైకిల్‌కు అనుమతి ఉంది, కాలిబాటల మీద లేదు. పటంలో సన్న గీత కనిపించగానే అటు తిరగొద్దు.

ఇక తిండి. పొద్దున్నే లేచి పులిహోర ముద్దలు చేసి పంపిన అక్కా, మీ చేతి వంటకు దండం. గంటకు 50 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాములుంటుంది. అందుకే ముద్ద 100 గ్రాములు, గంటకు రెండు. పల్లీలు తగ్గించమన్నది కూడా మీరే, నూనె ఎక్కువైతే ఎత్తు మీద కడుపులో బరువు. ఓఆర్‌ఎస్ పొట్లాలు పంపిన విజయవాడ మిత్రులకు కృతజ్ఞతలు. 20.5 గ్రాముల పొట్లం లీటరు నీళ్లకు, 750 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం వేయకండి. ఆ పొట్లంలో గ్లూకోజు 13.5 గ్రాములే, అది ఉప్పు లోటు తీరుస్తుంది గానీ తిండికి బదులు కాదు.

రైతు దంపతులు టైరు ముక్కకు, పటకారుకు, మంచినీళ్లకు పైసా తీసుకోలేదు. అలాంటివాళ్లకు బదులు తీర్చే దారి ఒకటుంది. ఏడాదిలో నాలుగు నెలల దాకా రైతులు తమ ఇంటి దగ్గరే సొంత వైను అమ్ముకుంటూ భోజనం పెడతారు, గుమ్మానికి ఆకుల గుత్తి వేలాడుతుంటే తెరిచారని గుర్తు. భోజనం అక్కడ చేయండి, సీసాలు మాత్రం ఇంటికొచ్చాక తెరవండి. సైకిల్ మీద ఉన్నా రక్తంలో మద్యం 1.6 పర్ మిల్ (వెయ్యికి 1.6 వంతులు) దాటితే జర్మనీలో నేరం, తూలుతూ తొక్కితే 0.3 దగ్గరే పట్టుకుంటారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతలు. అప్పుడు ట్రాక్టర్లదే దారి, కొన్ని తోటల్లోకి బయటివాళ్లను రానివ్వరు.

మాకు అరువిచ్చిన పంపు, చైను కొలిచే గేజు, వాడని ప్యాడ్లు రెండు జతలు, సగం సీసా సీలెంట్ శుభ్రం చేసి పెట్టాం. తర్వాత వెళ్లే బృందం కింద రాస్తే అందజేస్తాం. సీలెంట్ మీద తెరిచిన తేదీ రాసి ఉంది, వాడేముందు బాగా కలపండి.