ఎత్తు మడుల్లో ఏం నింపాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఎత్తు మడుల్లో, అంటే చుట్టూ చట్రం కట్టి నేల కన్నా ఎత్తుగా మట్టి నింపిన మడుల్లో, సేంద్రియ కూరగాయల పెంపకంపై వచ్చే వ్యాసాల్లో చట్రం ఎలా బిగించాలో వివరంగా ఉంటుంది. లోపల నింపేదాని గురించి మాత్రం ‘మట్టి, ఎరువు కలిపి పోయండి’ అనే ఒక్క వాక్యంతో సరిపెడతారు. మొదటి ఏడాదే మొక్కలు దెబ్బతినేది అక్కడే.

చట్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. వెడల్పు నాలుగడుగులు మించితే మధ్యకు చెయ్యి అందదు. గోడ వారన అయితే రెండడుగులే ఉండాలి. మడిలో ఎప్పుడూ కాలు పెట్టకూడదు, మట్టి గట్టిపడుతుంది. నేల మీద కట్టే మడికి అడుగు ఎత్తు చాలు. పాత రైల్వే స్లీపర్లు వద్దు, చెక్క పుచ్చకుండా వాటికి పట్టించిన క్రియోసోట్ అనే విషపు తారు నూనె మట్టిలోకి దిగుతుంది.

4×8 అడుగుల మడిని అడుగు ఎత్తున నింపాలంటే సుమారు 900 లీటర్ల మిశ్రమం పడుతుంది. 20 లీటర్ల బకెట్ లెక్కన పైమట్టి 27, బాగా చివికిన ఎరువు 14, కొబ్బరి పొట్టు 4. పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడగాలి. ఉత్త కంపోస్టుతో నింపిన మడి నెలల్లోనే కుంగిపోతుంది. రంపపు పొట్టు కలిపితే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్కలకు కింది ఆకుల నుంచి పసుపు ఎక్కుతుంది. నీరు దిగడానికని అడుగున కంకర పోయడమూ పొరపాటే. పైమట్టి పూర్తిగా నానేదాకా నీరు కంకరలోకి దిగదు, వేళ్లు ఆ తడిలోనే కుళ్లుతాయి. దాని బదులు అడుగు నేలను ఆరంగుళాల లోతు గుల్ల చేస్తే చాలు.

అందరూ మరిచేది కలుపు మందుల అవశేషం. అమైనోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటివి చల్లిన గడ్డి తిన్న పశువుల పేడలో కూడా ఆ మందు మిగిలే ఉంటుంది, కంపోస్టు చేసినా అంత తొందరగా పోదు. టమాటా, చిక్కుడు జాతులు చాలా తక్కువ మోతాదుకే దెబ్బతింటాయి. అందుకే కొత్తగా తెచ్చిన ఎరువును మడిలో కలిపే ముందు పరీక్షించాలి. సగం ఎరువు, సగం మట్టి కలిపి మూడు కుండీల్లో, ఉత్త మట్టితో మరో మూడింటిలో నాలుగేసి చిక్కుడు గింజలు పెట్టండి. ఒకదాని నీరు మరోదానిలోకి పారకుండా విడివిడిగా ఉంచి మూడు వారాలు చూడండి. ఎరువు కుండీల్లోనే లేత ఆకులు గరిటెలా ముడుచుకుని, కాడలు మెలితిరిగితే ఆ ఎరువును కూరగాయల మడిలో వేయకండి.

ఎత్తు మడి మామూలు నేల కన్నా తొందరగా ఆరుతుంది. ఈ కొలత మడికి అంగుళం నీరంటే 75 లీటర్లు. వారానికి కనీసం అంత కావాలి, ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ. ఎండుటాకులు రెండంగుళాల మందాన, కాండానికి తగలకుండా పరచాలి. మిశ్రమం దిగిన మేర మొదటి పంట తర్వాత నింపి, ఆపైన ఏడాదికి అంగుళం మించి ఎరువు వేయొద్దు. అతిగా వేస్తే భాస్వరం పేరుకుపోతుంది.

ఈ చిక్కుడు పరీక్షను ఫొటోలతో ప్రచురించాలని మనవి. కలుపు మందు ముడతను వైరస్ ముడతగా పొరబడి మొక్కలు పీకేసి, అదే మట్టిలో మళ్లీ నాటుతున్నారు. రెండు ఆకులనూ పక్కపక్కన చూపిస్తే తేడా తెలుస్తుంది.

– ఒక పాఠకుడు