రక్తపరీక్ష కాగితం చూపించడానికి నెలనెలా పట్నం పోవాలా?

సంపాదకుడు గారికి,

అక్టోబరు వచ్చిందంటే రొమ్ము క్యాన్సర్ గురించి పత్రికలన్నీ రాస్తాయి. ముందే గుర్తించండి, పరీక్ష చేయించుకోండి, భయపడకండి అని. మంచిదే. కానీ ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ అయిపోయి, కొన్నేళ్లు నిమ్మళంగా ఉండి, జబ్బు తిరగబెట్టి మళ్లీ బిళ్లలు కట్టినవాళ్ల ఊసు ఎక్కడా కనబడదు. మా అమ్మ ఆ రెండో జాబితాలో మనిషి.

అమ్మకు మెడ కింద గుంతలో బిళ్ల తేలింది. ముక్క తీసి పరీక్షకు పంపితే పాత జబ్బే అన్నారు. స్కాన్‌లో ఛాతీ మధ్య ఉండే లింఫ్ గ్రంథుల్లోనూ ఉన్నట్టు తేలింది. "ఇప్పుడు లింఫ్ క్యాన్సర్ కూడా వచ్చిందట" అని చుట్టాలు చెప్పుకున్నారు. అది వేరే క్యాన్సర్ కాదు. రొమ్ములో పుట్టిన కణాలే లింఫ్ గ్రంథుల్లోకి చేరాయి, వాడేదీ రొమ్ము క్యాన్సర్ మందులే. అదే వైపు చంక గ్రంథుల వరకే ఉంటే పూర్తిగా నయం చేయాలనే డాక్టర్లు వైద్యం చేస్తారు. దూరపు గ్రంథులకో, ఎముకలకో, కాలేయానికో పాకితే దాన్ని అదుపులో పెట్టుకుంటూ మనిషిని వీలైనన్నాళ్లు బాగా బతికించాలని చూస్తారు. ఈ తేడా తెలియక ఎన్ని ఇళ్లు ముందే ఏడుపు మొదలుపెడతాయో!

మాకూ ఎవరూ విడమరిచి చెప్పలేదు. మేం చూపించుకునే ఆసుపత్రిలో పేషెంటును బయట కూర్చోబెట్టి మమ్మల్ని లోపలికి పిలిచారు. జబ్బు ఆమెది, మాట మాకు. తలుపు తీసుకుని మేం బయటికి వచ్చేసరికి మా మొహాలు చూసి ఆమెకు తెలియాల్సింది తెలిసిపోయింది. మా మేనమామ ఇప్పటికీ ఆమె ముందు "ఆ గడ్డ" అనే అంటాడు. ఆమె మాత్రం వంటింటి గోడకున్న క్యాలెండర్ మీద మాత్ర వేసుకున్న రోజు సున్నా చుడుతుంది, ఆపిన రోజు ఇంటూ కొడుతుంది. ఏడో తరగతి చదివిన మనిషి, ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఆమెది హార్మోన్ పాజిటివ్ రకం, అంటే ఒంట్లోని హార్మోన్ల ఊతంతో పెరిగే జబ్బు. లెట్రోజోల్ మాత్ర రోజూ ఒకటి. పాల్బోసిక్లిబ్ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. ఈ రెండో మాత్రకు 2023 జనవరిలో పేటెంట్ గడువు తీరి, మన కంపెనీలు తయారుచేశాక ధర బాగా దిగింది. అంతకుముందు మాలాంటి ఇళ్లలో దాని పేరెత్తే పనే లేదు. దీనివల్ల తెల్ల రక్తకణాలు తగ్గుతాయి కాబట్టి మళ్లీ మాత్రలు మొదలుపెట్టే ముందు రక్తం పరీక్ష చూడాలి. ఆ పరీక్ష మా ఊళ్లో ఏ ల్యాబ్‌లోనైనా చేస్తారు. ఆ కాగితం డాక్టరుకు చూపించి, మాత్రలు తెచ్చుకోవడానికి మాత్రం పట్నం పోవాలి.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక నాకూ అమ్మకూ బస్సు టికెట్ లేదు. టికెట్ ఫ్రీ అయింది గానీ సీటు ఫ్రీ కాలేదు. చంకలో గ్రంథులు తీసేసినప్పటి నుంచి ఆమె కుడి చెయ్యి వాచే ఉంటుంది, గాజు ఎక్కదు. ఆ చేత్తోనే బస్సులో రాడ్ పట్టుకుని నిలబడాలి. ఆ చేతికి బీపీ పట్టీ వీలైతే కట్టొద్దని మొదటి డాక్టరు చెప్పిన మాట, ప్రతిసారీ కొత్త నర్సుకు నేను మొదటి నుంచి చెప్పుకోవాలి. ఇక నా కూలి, ఆటోలు, మధ్యాహ్నం తిండి, ఆ రాత్రంతా ఆమె ఆయాసం ఎవరి లెక్కలోకీ రావు.

జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్లలో పొద్దున వచ్చి వైద్యం చేయించుకుని అదే రోజు ఇంటికి పోయే డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, 2025-26లోనే 200 తెరుస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. సంతోషం. నా భయమల్లా అవి కీమో ఎక్కించే నాలుగు మంచాలుగా మిగిలిపోతాయేమోనని. అమ్మలాంటి వాళ్లకు ఇప్పుడు మంచంతో పనిలేదు. రక్తపరీక్ష అక్కడే చేసి, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో డాక్టరును చూపించే సర్కారు ఈ-సంజీవనిలో పెద్దాసుపత్రి డాక్టరుతో మాట్లాడించి, మాత్రలు చేతిలో పెట్టి పంపితే నెలలో ఒక ప్రయాణం తప్పుతుంది. వాచిన చేతికి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు, పేషెంటునే ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడే కౌన్సెలర్ ఉండాలి. స్కాన్లకు, మందు మార్చాల్సి వచ్చినప్పుడు పట్నం ఎలాగూ పోతాం.

నొప్పి సంగతి వేరే చెప్పాలి. మెడ బిళ్ల నరం మీద ఒత్తితే భుజం నుంచి వేళ్ల దాకా కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటుందట. ఇక్కడొక డాక్టరును అడిగితే పారాసిటమాల్ రాశారు. నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు మార్ఫిన్ పేరు అనగానే అందరూ బెదిరిపోతారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అంత భయం పెట్టింది. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడం సులువు చేశారు. చట్టం మారినా భయం మారలేదు. డాక్టరు చెప్పిన మోతాదులో, మలబద్ధకానికి మందు కూడా ఇస్తూ వాడితే క్యాన్సర్ నొప్పికి అది మంచి మందు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో దీనికోసమే ఒక విభాగం ఉంది. మన రాష్ట్రంలో 'ఆలన' పేరుతో పాలియేటివ్ సేవలూ, అంటే నొప్పీ బాధా తగ్గించే సేవలూ ఉన్నాయి. కానీ ఆలన అంటే ఆఖరి రోజులకే అనే పేరు పడిపోయింది. ఆ మాట ఎత్తితే అమ్మ "నన్ను అప్పుడే సాగనంపుతారా?" అంటుంది. డాక్టర్లు కూడా చివరిదాకా ఆగి పంపితే ఆ పేరు ఎలా పోతుంది? జబ్బు తిరగబెట్టిందని తెలిసిన రోజే, మిగతా వైద్యంతోపాటే అక్కడికీ చీటీ రాసివ్వాలి.

ప్రతి జిల్లాలో ఈ కేంద్రానికి క్యాన్సర్ డాక్టరు ఏ వారం వస్తారు, మార్ఫిన్ స్టాకు ఉందా లేదా, ఎవరిని అడగాలి అన్న మూడు సంగతులు ఆసుపత్రి గేటు దగ్గర తెలుగులో బోర్డు రాయించాలని ఆరోగ్య శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సూర్యాపేట జిల్లా