రమణా, టర్బోనే తీసుకో

ఒరేయ్ రమణా,

హ్యుందాయ్ వెర్నా కారు ఖాయం చేశానని రాశావు, చాలా సంతోషం. 115 హార్స్‌పవర్ మామూలు పెట్రోల్ ఇంజన్ చాలదా, 160 ఉన్న టర్బోకి, అంటే గాలిని నొక్కి లోపలికి పంపే ఇంజన్‌కి, అంత డబ్బు పోయాలా అనేగా నీ డౌటు? నీ తిరుగుడికి టర్బోనే తీసుకోమంటాను.

రెండూ ఒకటిన్నర లీటర్ ఇంజన్లే. ఆ 115 రావాలంటే ఇంజన్‌ని 6300 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా, 160 రావాలంటే 5500 దాకా తిప్పాలి. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటే నువ్వు 2000 దాటవు. అసలు తేడా అక్కడే ఉంది. టర్బోకి 253 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, 1500 నుంచి 3500 దాకా చేతిలో ఉంటుంది. మామూలుదాని 144 కూడా 4500కి గానీ అందదు. లెక్క కట్టి చూశాను. 2000 దగ్గర పూర్తిగా తొక్కితే టర్బో 72 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది, మామూలుది ఎంత చేసినా 41 దాటదు.

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ కారు ఒక లీటర్ మూడు సిలిండర్ల ఇంజన్‌దీ ఇదే 115. కానీ టర్బో కాబట్టి 178 టార్క్ 1750 నుంచే వస్తుంది. అందుకే హార్స్‌పవర్ ఒక్కటే చూసి కొనొద్దంటాను.

టర్బో సున్నా నుంచి వందకి 8.1 సెకన్లలో వెళ్తుందని హ్యుందాయ్ చెప్తోంది. నీకు దాంతో పనిలేదు, 60 నుంచి 100కి ఎంతసేపు పడుతుందో అదే కావాలి. ఎస్.కోట వైపు సింగిల్ రోడ్డులో లారీని దాటుతున్నావనుకో. నువ్వు 80లో, ఎదురు బండి 80లో ఉంటే మధ్య దూరం సెకనుకి 44 మీటర్లు కరిగిపోతుంది. రెండు సెకన్లు ముందే నీ లేన్‌లోకి వచ్చేశావంటే దాదాపు 90 మీటర్లు మిగిలినట్టే. పిల్లలతో వెళ్ళేవాడివి, నేను డబ్బు పెట్టమనేది దానికే.

అరకు దారిలో అనంతగిరి ఘాట్ ఇంకో కారణం. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది, కిలోమీటరు ఎత్తుకి మామూలు ఇంజన్ బలం సుమారు పదో వంతు తగ్గుతుంది. టర్బో గాలిని నొక్కి పంపుతుంది కాబట్టి ఆ లోటు చాలావరకు తెలియదు.

హోండా సిటీ హైబ్రిడ్ కూడా చూశాను. దాని ఎలక్ట్రిక్ మోటారు టార్క్ కూడా 253, పైగా కదలగానే వస్తుంది. ట్రాఫిక్‌లో హాయిగా ఉంటుంది. కాకపోతే బ్యాటరీ వల్ల డిక్కీ 506 లీటర్ల నుంచి 306కి తగ్గింది, అమ్మ పంపే బియ్యం బస్తాలకి చాలదు.

డీసీటీ ఆటోమేటిక్ (రెండు క్లచ్‌లతో గేర్లు అదే మార్చుకునేది) తీసుకుంటే ఒక్క జాగ్రత్త. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, క్లచ్ వేడెక్కిపోతుంది. బ్రేక్ తొక్కు.

టెస్ట్ డ్రైవ్‌కి నలుగురిని ఎక్కించుకో, ఏసీ వెయ్యి, సింహాచలం ఘాట్ ఎక్కించు. మాన్యువల్ అయితే మూడో గేరులో 40 నుంచి తొక్కి చూడు. రెండు ఇంజన్లూ ఒకే రోజు నడుపు. నడిపిన సాయంత్రమే ఫోన్ చెయ్యి. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
సూరి