వసకొమ్ము సరే, చెవులు చూపించారా?

అయ్యా,

మా దేవరకొండ దిక్కు పల్లెల్లో రెండేళ్లొచ్చినా బిడ్డకు మాట రాకపోతే ముందు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. "వాళ్ల నాయినకు గూడ లేటుగనే వచ్చినయి" అని నాయినమ్మ తేల్చేస్తుంది. అంగన్‌వాడీ టీచరుగా నా పోరు ఒకటే: నోటి సంగతి తర్వాత, ముందు చెవులు చూపించండి.

పుట్టుచెవుడున్న బిడ్డ కూడా తొలి నెలల్లో ఊ కొడుతుంది, నవ్వుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. మా సెంటర్లో ఒక పాప తలుపు ధడాలున పడితే తిరిగి చూసేది. వెనక నుంచి పిలిస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. తలుపు పడ్డప్పుడు కాళ్ల కింద నేల అదిరేది, అంతే!

ఏడాదికల్లా అత్త, తాత లాంటి మాట, రెండేళ్లకు "అమ్మా పాలు" లాంటి జంట మాటలు రావాలి. నిద్రపోయే శిశువు చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో చేసే ఓఏఈ అనే వినికిడి పరీక్ష ఉంది. నెలలోపు పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది నిపుణుల లెక్క. కాన్పు చేసే ప్రతి ఏరియా ఆసుపత్రిలో తల్లిని ఇంటికి పంపకముందే ఈ పరీక్ష చేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. టీకాల కార్డులో బీసీజీ పక్కన దీనికో గడి పెట్టండి, ఇంటింటికీ తిరిగి మేమే అడుగుతాం.

— ఒక అంగన్‌వాడీ టీచర్, దేవరకొండ, నల్లగొండ జిల్లా