బల్బు కంట్లో పడకూడదు మామా

ఒరేయ్ మామా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశా, కింద పెట్టిన ఆ పొడుగాటి లిస్టు కూడా చూశా. ఏం లిస్టురా అది, ఇల్లు కడుతున్నావా లైట్ల ఎగ్జిబిషన్ పెడుతున్నావా? ఫోన్లో చెప్తే నువ్వు ఊ కొడుతూ ఇంకేదో చూస్తుంటావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, చెల్లెమ్మ చేత కూడా చదివించు, ఆఖరికి ఏది కొనాలో తేల్చేది తనే కదా.

నేను చెప్పేది ఒక్కటే. ఏ లైటు నచ్చినా సరే, సోఫాలో కూర్చున్నప్పుడు, మంచం మీద వెనక్కి వాలినప్పుడు, ఆ బల్బు నేరుగా కంట్లో పడుతుందా లేదా చూసుకో. పడితే ఎంత స్టైలుగా ఉన్నా వదిలెయ్. షోరూంలో మనం నిలబడి చూస్తాం, పైగా చుట్టూ బోలెడు లైట్లు వెలుగుతుంటాయి కాబట్టి ఏదీ గుచ్చుకున్నట్టు ఉండదు. ఇంట్లో రాత్రిపూట అదొక్కటే వేసుకుని కూర్చున్నప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

ఇదే విషయం పట్టుకుని డెన్మార్క్‌లో పౌల్ హెన్నింగ్సన్ అనే ఆయన దశాబ్దాలు పనిచేశాడు తెలుసా. చిన్నప్పుడు కిరసనాయిలు దీపం వెలుగులో పెరిగాడు, తర్వాత కరెంటు బల్బులొచ్చాక ఆ వెలుగు కళ్లకి కొడుతోందని ఆయనకి మహా చిరాకు. 1920ల్లో ఒకదాని కింద ఒకటి మూడు షేడ్లు పెట్టి, వెలుగంతా వాటి మీద పడి వంగి కిందికి, పక్కలకి జారేలా, బల్బు మాత్రం మనకి కనపడకుండా ఒక దీపం తయారుచేశాడు. నీ లిస్టులో మూడోది, ఆ పళ్లేలు దొంతర పెట్టినట్టున్న హ్యాంగింగ్ లైటు, దాని అసలు మోడల్ ఆయనదే, పేరు పీహెచ్ 5, 1958లో వచ్చింది, పెద్ద షేడు అడ్డం 50 సెంటీమీటర్లు కాబట్టి ఆ 5. దాని లోపల చిన్న చిన్న భాగాలకి ఎరుపు, నీలం రంగులు వేశాడు. మన కంటికి పసుపు, పచ్చ బాగా ఆనతాయి, ఎరుపూ నీలమూ తక్కువ ఆనతాయి, అందుకని ఆ రెండిటికీ కాస్త సాయం చేశాడన్నమాట. ఈ ఎరుపు సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తా దీని దగ్గరికి. అదే ఏడాది కోపెన్‌హాగెన్‌లో ఒక రెస్టారెంటు కోసం ఆర్టిచోక్ అని 72 రాగి రేకులతో ఇంకో దీపం చేశాడు, ఎటువైపు నుంచి చూసినా బల్బు కనపడదు. అది మాత్రం నీ హాలుకి వద్దు, దాన్ని తగిలించాలంటే పైన చాలా ఎత్తు ఉండాలి, మామూలు సీలింగుకి వేలాడదీస్తే తలకి తగులుతుంది.

నన్నడిగితే నీ హాలుకి కాగితం లైటు సరిపోతుంది. నవ్వకు. ఇసాము నొగుచి అని శిల్పి, 1951లో హిరోషిమా వెళ్తూ దారిలో గిఫు అనే ఊళ్లో ఆగాడు, అక్కడ లాంతర్లు చేసేవాళ్ల పని అప్పటికే దెబ్బతిని ఉంది, ఏదైనా కొత్తగా చేసిపెట్టమని మేయరు అడిగితే వెదురు పుల్లలూ మల్బరీ బెరడుతో చేసిన కాగితమూ వాడి కొత్త దీపాలు గీసిచ్చాడు. అకారి అంటారు వాటిని, ఇప్పటికీ అక్కడే చేత్తోనే చేస్తున్నారు, మడిస్తే పల్చగా డబ్బాలో పట్టేస్తాయి. కాగితంలోంచి వచ్చే వెలుగుకి అంచు ఉండదురా, మొహం మీద గట్టి నీడలు పడవు. అసలువి కొనలేకపోతే సాదా గుండ్రటి కాగితం షేడు తెచ్చుకున్నా తొంభై పాళ్లు అదే ఫలితం, సైజు మాత్రం పిసినారితనం చెయ్యకు, నీకు అనిపించినదానికంటే ఒక సైజు పెద్దది తీసుకో. కిటికీ పక్కన జల్లు పడేచోట పెట్టకు, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులుపుకోవాలి, అంతే దాని బాధ.

విల్లులా వంగి సోఫా మీదికొచ్చే ఫ్లోర్ ల్యాంపు అడిగావు కదా. ఆర్కో అని ఇటలీలో కాస్టిలియోని అన్నదమ్ములు 1962లో చేసిందే వాటన్నిటికీ మూలం. వీధి దీపంలాగా స్తంభం ఒకచోట, వెలుగు ఇంకోచోట, సీలింగుకి కన్నం పెట్టే పని లేకుండా టేబుల్ మీదికి వెలుగు తేవాలని వాళ్ల ఆలోచన. కింద పాలరాయి దిమ్మ దాదాపు 65 కిలోలు, దానికి మధ్యలో కన్నం ఎందుకు పెట్టారంటే చీపురు కర్ర దూర్చి ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తడానికట, ఆ తెలివి చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. ఇప్పుడు నువ్వు చూపించినలాంటి నకళ్లలో దిమ్మ తేలిక, పిల్లాడు ఆ వంగిన కమ్మి పట్టుకుని వేలాడాడంటే మొత్తం వాడి మీదే పడుతుంది. కొంటే ముందు కింద బరువెంతో అడుగు, చెప్పకపోతే వద్దు.

మంచం పక్కకి ఎక్లిస్సె అనే ఇటలీ దీపం చూడు, వీకో మాజిస్ట్రెట్టి 1965లో చేసింది, అరచేతిలో పట్టేంత గుండ్రటి దీపం, లోపలి డిప్ప తిప్పితే గ్రహణం పట్టినట్టు వెలుగు మూసుకుపోతుంది. ఒకళ్లు చదువుకుంటుంటే ఇంకొకళ్లు నిద్రపోవచ్చు, మీ ఇంట్లో అవసరమే అనుకుంటా. రీఛార్జ్ దీపాలు కూడా బావున్నాయి గానీ బ్యాటరీ మార్చుకునే వీలుందో లేదో చూడు, లేకపోతే బ్యాటరీ పోయిన రోజే దీపమూ పోయినట్టు.

ఇక నువ్వు గుండెల మీద చెయ్యేసుకుని మరీ అడిగిన ఆ గాజు బల్బులు, లోపల పసుపు తీగలు కనిపించేవి. ఫొటోకి బ్రహ్మాండం, ఎదురుగా కూర్చోవడానికి నరకం. పైన చెప్పిన పరీక్షలో మొదట ఫెయిలయ్యేవి ఇవే. అంత మోజుగా ఉంటే పాలగాజువి తీసుకో. స్ట్రిప్ లైట్లు పర్లేదు, కాకపోతే తెల్ల మూత ఉన్న అల్యూమినియం పట్టీలో పెట్టించు, లేకపోతే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. రంగులు మారేవంటావా, గృహప్రవేశం నాడు వేస్తావు, మళ్లీ ముట్టుకోవు.

ఇప్పుడు ఆ ఎరుపు సంగతి. తెల్ల ఎల్ఈడీ అని మనం అనుకునేది నిజానికి నీలం వెలుగిచ్చే చిప్పు, దాని మీద పసుపు పూత వేస్తే రెండూ కలిసి తెల్లగా కనిపిస్తుంది, ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే 2014లో జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అంతా బానే ఉంది గానీ చవక రకాల్లో ఎరుపు తక్కువైపోతుంది, అందుకే వాటి కింద మనుషుల మొహాలు పాలిపోయినట్టు, చెక్క బూడిద రంగులో ఉన్నట్టు కనిపిస్తాయి. కాబట్టి డబ్బా మీద సీఆర్ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది చూసి తీసుకో. వెలుగు రంగుని కెల్విన్లలో చెప్తారు, అంకె తక్కువైతే పసుపు, పెరిగేకొద్దీ నీలం తెలుపు; పడగ్గదికి, హాలుకి 2700 నుంచి 3000 కెల్విన్, పని చేసుకునే చోట 4000, ఆ 6500 జోలికి వెళ్లకు, అసలు ఒకే గదిలో రెండు మూడు రకాలు కలపకు. వాట్లు కాదు, ల్యూమెన్లు చూడాలి, అంటే వెలుగు ఎంతొస్తుందో చెప్పే కొలత, పాత 60 వాట్ల బల్బు అంటే సుమారు 800 ల్యూమెన్లు, ఇప్పుడది తొమ్మిది వాట్లలోపే వచ్చేస్తోంది. డిమ్మరు పెట్టిస్తే బల్బు డబ్బా మీద డిమ్మబుల్ అని రాసుండాలి, లేకపోతే మినుకుమినుకుమంటూ గుయ్యిమంటుంది. ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి చూడు, చారలు పరిగెడుతుంటే ఆ బల్బు మిణుకుతున్నట్టే. స్మార్ట్ బల్బులకి అంత డబ్బు పెట్టకు, ఎవరో ఒకరు గోడ మీద స్విచ్చి ఆపేస్తారు, ఇక నీ యాప్‌తో నువ్వు మాట్లాడుకోవడమే.

డెకార్ సామాన్ల మీద పెద్దగా చెప్పను. చిన్న చిన్న షోపీసులు పది కొనేకన్నా పెద్దది ఒక్కటి కొను. అద్దం పెట్టేటప్పుడు అందులో ఏం కనిపిస్తుందో చూసుకుని పెట్టు, కిటికీ కనిపిస్తే గది వెలుగవుతుంది, బల్బు కనిపిస్తే రెండు బల్బులు కంట్లో పడ్డట్టే. గరుకు రాతి గోడ ఒకటి చేయిస్తున్నావు కదా, దాని మీదికి వెలుగు ఎదురుగా కాకుండా పైనుంచి గోడని రాసుకుంటూ కిందికి దిగాలి, అప్పుడే ఆ గరుకు తెలుస్తుంది, ఎదురుగా కొడితే ఉత్త సిమెంటు గోడలా ఉంటుంది. బొమ్మలకి ఫ్రేము గాజు మెరవనిది వేయించు.

డైనింగ్ టేబుల్ మీద వేలాడేది టేబుల్ నుంచి 75–90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, అందుకని టేబుల్ కొనకముందే వైరు పొడవు కోయించకు. ఫాల్స్ సీలింగ్ మూసేలోపే ఎలక్ట్రీషియన్‌ని పట్టుకుని మూలల్లో ప్లగ్ పాయింట్లు ఎక్కువ పెట్టించు, ల్యాంపులన్నీ తలుపు దగ్గర ఒక్క స్విచ్చితో వెలిగేలా చెయ్యమను, వాడు అక్కర్లేదంటాడు, వినకు. హాలు కొలతలు, సోఫా ఎటు పెడుతున్నావో ఆదివారంలోగా పంపు, మిగతా లిస్టులో ఏవి కొట్టెయ్యాలో నేను చూస్తా. ఆర్టిచోక్ ఫొటో మాత్రం చెల్లెమ్మకి చూపించకు.

నీ
మామ