శనివారం గురించి

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ప్రతి ఏడూ గుళ్లో యేసు అదే పుట్టడం, అదే చావడం, అదే లేవడం. ఇందులో నాకేముంది నాన్నా?" అన్నావు. నానమ్మ పోయాక ప్రార్థనకు కూర్చుంటే గోడతో మాట్లాడుతున్నట్టుందనీ అన్నావు. నేనేదో సర్దిచెప్పబోయాను. అలా చేసి ఉండకూడదు. అందుకే ఈ ఉత్తరం.

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం నాలుగు ఆదివారాల సంగతి నీకు తెలిసిందే. నాలుగో కొవ్వొత్తి నేనే వెలిగిస్తానని అన్నయ్యతో కొట్లాడేదానివి. క్రిస్మస్ గురించి మాత్రం ఒక మాట. డిసెంబరు 25న పశువుల తొట్టిలో బిడ్డ. 26న రాళ్లదెబ్బలకు ప్రాణం విడిచిన స్తెఫను జ్ఞాపకం. 28న హేరోదు రాజు చంపించిన బేత్లెహేము పసివాళ్ల జ్ఞాపకం. పాటలింకా ఆగకముందే తల్లుల ఏడుపు! వయసులో ఉండగా ఇదేం మొరటుతనం అనుకునేవాణ్ణి. యేసు పుట్టింది ఈ ఏడుపు ఉన్న లోకంలోనే కదా అని ఇప్పుడనిపిస్తోంది.

ఈస్టరుకు ముందు శ్రమల దినాలు నలభై అంటాం గానీ, అవి మొదలయ్యే బూడిద బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా లెక్కపెట్టి చూడు, 46 వస్తాయి. ఆదివారాలు ఆ లెక్కలోకి రావు. ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే గనక, అంత దుఃఖంలోనూ వాటిని వదిలేశారు.

అసలు చెప్పాలనుకున్నది శుభ శుక్రవారానికీ ఈస్టరుకీ మధ్య శనివారం గురించి. శుక్రవారానికి సిలువ మీది ఏడు మాటలున్నాయి. ఆదివారానికి ఖాళీ సమాధి ఉంది. శనివారానికేముంది? యేసు సమాధికి కావలి పెట్టించిన సంగతి మత్తయి రాశాడు. లూకా ఒక్క ముక్కలో తేల్చేశాడు: స్త్రీలు సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని, ఆజ్ఞ ప్రకారం విశ్రాంతిదినాన ఊరుకున్నారని. అంతే.

ఆ ద్రవ్యాలు దేనికి? శవానికి పూయడానికి. ఆయన లేస్తాడని వాళ్లు ఎదురుచూడలేదు. రేపు ఈస్టరని వాళ్లకు తెలియదు. మనమైతే శుక్రవారం ఆరాధన అవగానే ఆదివారం పాటలు ప్రాక్టీసు మొదలుపెడతాం. ఆ ఒక్కరోజు ఊరుకోవడం మనవల్ల కాదు. ఆ రోజంతా యేసు సమాధిలోనే ఉన్నాడు. మాట్లాడలేదు. పిలిస్తే పలకలేదు. ఆయన్ని ప్రేమించినవాళ్లు మౌనంగా కూర్చున్న రోజది. అది వాళ్ల విశ్వాసలోపమని సువార్త ఎక్కడా అనలేదు.

నీ గోడ నాకూ తెలుసురా. నీకు చెప్పలేదంతే. నానమ్మ మంచం పక్కన నేను చేసిన ప్రార్థన ఏమైందో నాకు ఇవాళ్టికీ అర్థం కాలేదు. ఆ తర్వాతి ఆదివారం గుళ్లో పాట నా నోట రాలేదు. పక్కవాళ్లు పాడుతుంటే పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. ఆ శనివారంలో నేనూ ఉన్నాను, ఇంకా పూర్తిగా బయటికి రాలేదు.

ఈస్టరు తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండుగ అయ్యాక దాదాపు ఆర్నెల్లు పెద్ద పండుగలేవీ ఉండవు. గుళ్లో బల్ల మీద వారాల తరబడి అదే ఆకుపచ్చ గుడ్డ. నజరేతులో ఆయన బతికిన ముప్పై ఏళ్లలాగే అన్నమాట. పన్నెండో ఏట తప్పిపోయి దేవాలయంలో దొరికిన సంగతి తప్ప బాల్యం తర్వాత ఏమీ రాసి లేదు. నువ్వు ఈస్టరుకే రావాలని నేననడం లేదు. ఆ ఆకుపచ్చ వారాల్లో ఎప్పుడొచ్చినా సరే, నా పక్కన చోటుంటుంది. పాడకపోయినా ఫర్వాలేదు.

ఇంకొకటి. నానమ్మ బైబిలు తిరగేస్తుంటే 88వ కీర్తన దగ్గర పెన్సిలు గీత కనిపించింది. చాలా విలాప కీర్తనల్లో చివరికి ఎక్కడో స్తుతి వినిపిస్తుంది. ఇది మాత్రం చీకటితోనే ఆగిపోతుంది. ఆ చివరి వచనం కిందే గీసింది. ఏ ఏడు గీసిందో, దేనికి గీసిందో మనకెప్పుడూ చెప్పలేదు. నువ్వొచ్చినప్పుడు చూపిస్తాను.

నీ
నాన్న